పిరనీస్ పల్లెలో పాత రాతి ఇల్లు, గడప దాటితే సైకిల్ బాట: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో. విమానాల పరిశ్రమ పుణ్యమా అని ఇక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. 2022లో ఫ్రాన్స్‌కూ స్పెయిన్‌కూ సరిహద్దైన పిరనీస్ కొండలు దాటి స్పెయిన్ వైపు, ఐన్సా అనే చిన్న పట్టణానికి అరగంట దూరంలో ఓ పల్లెలో పాత రాతి ఇల్లు కొన్నాం. కారణం ఒక్కటే, మౌంటెన్ బైకింగ్, అంటే కొండబాటల్లో సైకిల్ తొక్కే పిచ్చి. అప్పట్నుంచి ఉగాది భోజనాల్లోనూ, హనుమకొండ నుంచి వచ్చే ఫోన్లలోనూ అవే ప్రశ్నలు. జవాబులు చెప్పేసరికి ప్రతిసారీ నా విస్తట్లో పులిహోర చల్లారిపోతోంది. అందుకని రాసి పెట్టేశాను.

ఐన్సా ఎక్కడ? అక్కడే ఎందుకు?

స్పెయిన్ ఈశాన్యంలో అరగాన్ ప్రాంతం, అందులో వెస్కా ప్రావిన్సు, అందులో సొబ్రార్బె అనే కొండసీమ. ఆ సీమలో ముఖ్యమైన ఊరు ఐన్సా. టూలూజ్ నుంచి బియెల్సా సొరంగం మీదుగా మూడు గంటల కారు ప్రయాణం. జరగోజా విమానాశ్రయం నుంచి రెండు గంటల పైచిలుకు, బార్సిలోనా నుంచైతే మూడున్నర.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సీమలో చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. బతుకుతెరువు కోసం జనం నగరాలకు పోయారు. ఊరికీ ఊరికీ మధ్య కంచరగాడిదలు నడిచిన బాటల్ని ముళ్లపొదలు కమ్మేశాయి. తర్వాత స్థానిక రైడర్లు, హోటళ్లవాళ్లు, దుకాణాలవాళ్లు కలిసి జోనా జీరో అనే పేరుతో ఆ పాత బాటల్నే ఒక్కొక్కటిగా బాగు చేసి, గుర్తులు పెట్టి, సైకిళ్లకు పనికొచ్చేలా చేశారు. 2015లో, 2018లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ అనే ప్రపంచస్థాయి మౌంటెన్ బైకింగ్ పోటీలు ఇక్కడికొచ్చాయి. సైకిళ్లను కొండెక్కించే లిఫ్టు పక్కన యంత్రాలతో చెక్కిన ట్రాక్‌లు కావివి. రాతిమెట్లు, పాత పొలం గట్లు, ఓక్ చెట్ల నీడ, దిగువన ఏదో ఒక పల్లెలో చన్నీళ్ల కుళాయి.

ఆల్ప్స్‌లో ఇంతకన్నా పెద్ద కొండలున్నాయి, నిజమే. కానీ అక్కడ ఇంటి ధరను మంచు నిర్ణయిస్తుంది. స్కీయింగ్ చెయ్యని నేను ఆ మంచుకు డబ్బు ఎందుకు కట్టాలి?

కొనే బదులు వెళ్లినప్పుడల్లా అద్దెకు దిగితే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. ఏడాదికి నాలుగైదు వారాలకు మించి వెళ్లలేని వాళ్లకు నా సలహా అదే. మేం శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరితే రాత్రి భోజనానికి చేరతాం, అందుకే కొన్నాం. హైదరాబాద్‌లో ఉంటూ ఇక్కడ ఇల్లు కొంటే ఆ ఇల్లు మీ సెలవుల్ని తినేస్తుంది. మొదటి రోజు బూజు దులపడానికి, రెండో రోజు గడ్డి కొయ్యడానికి, మూడో రోజు ప్లంబర్ కోసం ఎదురుచూడటానికి. నాలుగో రోజు సైకిల్ బయటకు తీస్తే వాన.

ఏ నెలల్లో తొక్కొచ్చు?

మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా, మళ్లీ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా బంగారం లాంటి రోజులు. ఐన్సా దాదాపు 600 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి చలికాలంలోనూ ఎండ పడే దక్షిణపు వాలుల మీద తొక్కొచ్చు. జూలై, ఆగస్టుల్లో పొద్దున్నే వెళ్లి పదింటికల్లా ఇంటికొచ్చెయ్యాలి. తర్వాత రామగుండం ఎండే.

వాన సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ కొండల కింద బూడిద రంగు మట్టి ఉంటుంది, మన నల్లరేగడికి తోబుట్టువు. తడిసిందంటే వంద మీటర్లలో టైరు రెండింతలు లావవుతుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింద మట్టి ఇరుక్కుని చక్రం తిరగనంటుంది. భుజాన వేసుకుని నడుద్దామంటే పద్నాలుగు కిలోల సైకిల్ ఇరవై దాటి ఉంటుంది. మొదటిసారి నేను కారు తాళంచెవితో మట్టి గీకుతూ గంటసేపు దారి పక్కన కూర్చున్నాను. ట్రాక్టర్ మీద వెళ్తున్న పెద్దాయన ఆగి, నన్ను చూసి, ఏమీ అనకుండా ఓ పుల్ల విరిచిచ్చి పోయాడు. మట్టి గీకడానికి తాళంచెవి కన్నా పుల్లే నయం. వాన పడ్డాక రెండు రోజులు రాళ్ల బాటలకే వెళ్లండి.

శరత్తు, చలికాలాల్లో అడవిపంది వేట ఉంటుంది, ముఖ్యంగా వారాంతాల్లో. దారి మొదట్లో ‘బతీదా’, అంటే వేట సాగుతోంది అన్న బోర్డు కనిపిస్తే మారుమాట్లాడకుండా వెనక్కి తిరగండి. ఒర్దెసా జాతీయ పార్కు దగ్గర్లోనే ఉంది, 1918 నాటిది, చూసి తీరాల్సిన చోటు. కానీ దాని కాలిబాటల మీద సైకిల్ తొక్కనివ్వరు. అక్కడికి బూట్లు తొడుక్కుని నడవడానికే వెళ్లాలి.

ఊరును ఎలా ఎంచుకున్నారు?

జనవరిలో వెళ్లి. మే నెలలో ఇక్కడ ప్రతి ఊరూ పెళ్లికూతురిలా ఉంటుంది, అప్పుడు చూసి ఏదీ తేల్చుకోలేం. చలికాలంలో మూడు వారాంతాలు మూడు ఊళ్లలో గదులు తీసుకుని ఉన్నాం. రాత్రి ఏడింటికి వీధి మధ్య నిలబడి వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టాను. మొదటి ఊళ్లో ఒకటి. దగ్గరికి పోయి చూస్తే అదీ వీధిదీపం అద్దంలో పడ్డ వెలుగు. రెండో ఊళ్లో నాలుగు. మూడో ఊళ్లో పదకొండు. సైకిల్ బాటలు మొదటి ఊళ్లోనే బాగున్నాయి, ఇల్లు కూడా చవక. అయినా పదకొండు కిటికీల ఊళ్లోనే కొన్నాం. ఆ నిర్ణయం ఎంత మంచిదో తర్వాత పైపు పగిలినప్పుడు తెలిసింది, అది కిందికి పోయాక చెప్తాను.

ఊళ్లో అడగాల్సినవి ఇవి. మంచు పడితే దారి ఎవరు తీస్తారు, ఎన్నింటికి తీస్తారు? నారింజ రంగు బ్యూటేన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుంది? ఫోన్ సిగ్నల్ ఇంట్లో వస్తుందా, చర్చి గోడ దగ్గరే వస్తుందా? వేసవిలో ఊరి నీళ్లు తగ్గుతాయా? ఇల్లమ్మే ఏజెంటును కాదు, కట్టెలు అమ్మేవాణ్ణి అడగండి.

ఊరి బయట కొండ మీద ఒంటరి రాతి కొట్టం చవగ్గా వస్తోంది. కొనమంటారా?

వాటిని ఇక్కడ బోర్దా అంటారు. గడ్డి దాచుకోవడానికి, పశువుల్ని కట్టేసుకోవడానికి కట్టినవి. ఫొటోలో చూస్తే ప్రాణం లాగేస్తాయి. మేమూ ఒకదాని వెంట ఆర్నెల్లు తిరిగాం.

చిక్కు నేలతోనే. ఊరి హద్దులో ఇళ్లకు కేటాయించిన నేల ఒక రకం, బయట కట్టడాలను గట్టిగా అదుపు చేసే గ్రామీణ నేల ఇంకో రకం. బోర్దాలు సాధారణంగా రెండో రకంలో ఉంటాయి. కాగితాల్లో కొట్టం అని ఉంటే, లోపల మీరు మంచం వేసినా అది కొట్టమే. కరెంటు కనెక్షన్, మురుగు తొట్టి, కొత్త కిటికీ, ప్రతిదానికీ అనుమతి కావాలి, వస్తుందన్న హామీ ఉండదు. అమ్మేవాళ్లు ‘ఇక్కడ అందరూ ఇలాగే ఉంటున్నారు’ అంటారు. మీరు అయుంతమియెంతోకి, అంటే ఆ ఊరి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి, ఇక్కడ నివాసం ఉండొచ్చా అని రాసి అడగండి. జవాబు కూడా రాసే ఇమ్మనండి.

ఇంకో మెలిక ఉంది. ఫ్రాన్స్ సరిహద్దు వెంబడి ప్రాంతాన్ని స్పెయిన్ దేశ రక్షణ దృష్టితో విడిగా చూస్తుంది. 1975 నాటి చట్టం కింద, యూరోపియన్ యూనియన్ పౌరులు కానివాళ్లు అలాంటి చోట గ్రామీణ ఆస్తి కొనాలంటే సైనిక అనుమతి కావాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లం ఆ లెక్కలోకే వస్తాం. మీరు చూసిన బోర్దా ఆ పరిధిలో ఉందో లేదో లాయరు చేత ముందే చూపించుకోండి. మేం వదిలేసుకున్నది అందుకే. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే మా ఆవిడ కారు అద్దం దించి చూస్తుంది.

కాగితాల్లో ఏం చూడాలి?

మొదట నోటా సింప్లే. మన ఈసీ లాంటిది. ఆస్తి రిజిస్ట్రీ నుంచి ఆన్‌లైన్‌లో పది పన్నెండు యూరోలకు వస్తుంది. యజమాని ఎవరు, అప్పులున్నాయా, ఇతరులకు హక్కులున్నాయా అన్నది అందులో ఉంటుంది. దాన్ని కతాస్త్రోతో పోల్చాలి. కతాస్త్రో పన్నుల కోసం ఉంచే భూమి, భవనాల లెక్క. ఈ రెండూ వేర్వేరు వ్యవస్థలు, పల్లె ఇళ్ల విషయంలో తరచూ ఒకదానికొకటి పొంతన ఉండదు.

మా ఇల్లు కతాస్త్రోలో 140 చదరపు మీటర్లు, రిజిస్ట్రీలో 95. వెనకగది ఎప్పుడో తాతల నాడు కట్టారు, ఎవరూ నమోదు చెయ్యలేదు. ఏజెంటు ‘ఇక్కడ ఇది మామూలే’ అన్నాడు. మామూలే కావచ్చు, మరి రేపు నేను అమ్మేటప్పుడు? సరిచేస్తేనే సంతకం అన్నాం. మూడు నెలలు పట్టింది. అమ్మేవాళ్లు ఐదుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అందులో ఒకాయన అర్జెంటీనాలో ఉన్నాడు. ఉమ్మడి ఆస్తి గొడవలు మనకే సొంతం అనుకునేవాణ్ణి.

కొనే క్రమం ఎలా ఉంటుంది?

ముందు ఎన్‌ఐఈ, అంటే విదేశీయుల గుర్తింపు సంఖ్య. అది లేకుండా అడుగు కదలదు. మీరున్న దేశంలోని స్పెయిన్ కాన్సులేట్ ద్వారా తెచ్చుకోవచ్చు. తర్వాత బయానా ఒప్పందం, దాన్ని అర్రాస్ అంటారు. మామూలుగా ధరలో పది శాతం కడతారు. అర్రాస్‌లో రకాలున్నాయి. స్పెయిన్ సివిల్ కోడ్ 1454వ అధికరణం కింద రాసుకున్నదైతే, మీరు వెనక్కి తగ్గితే బయానా పోతుంది, అమ్మేవాడు తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. చివరికి నోటరీ ముందు సంతకాలు, ఆపైన రిజిస్ట్రీ.

నోటరీ ప్రభుత్వం నియమించిన న్యాయాధికారి, ఇరుపక్షాలకూ సమానం. మీ తరఫున పోట్లాడటం ఆయన పని కాదు. అందుకే విడిగా లాయరు ఉండాలి, అతను ఏజెంటు చూపించిన మనిషి కాకూడదు. స్పానిష్ రాకపోతే సంతకాల రోజు దుబాసీని వెంట తీసుకెళ్లాలి.

ధర మీద ఇంకెంత పడుతుంది?

పాత ఇంటికి అరగాన్‌లో బదిలీ పన్ను మామూలుగా ఎనిమిది శాతం, 4,00,000 యూరోలు దాటిన భాగం మీద ఇంకా ఎక్కువ. 1,20,000 యూరోల ఇంటికి పన్నే 9,600. నోటరీ, రిజిస్ట్రీ, లాయరు కలిపితే మొత్తం మీద ధరకు పదకొండు పన్నెండు శాతం కలుపుకోండి. పైకప్పు బాగు చెయ్యాల్సి వస్తే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టెయ్యండి. రాతి పలకల కప్పు వేసే పనివాళ్లు తక్కువ, వాళ్ల తీరిక చూసుకునే పని.

ఏటేటా కట్టాల్సినవి?

ఊరి ఆస్తి పన్ను ఐబీఐ, చెత్త రుసుము, ఇన్సూరెన్సు. వీటితో పాటు చాలామందికి తెలియనిది ఒకటుంది. ఇల్లు అద్దెకివ్వకపోయినా, స్పెయిన్‌లో నివాసం లేని యజమానికి ‘ఊహా ఆదాయం’ మీద పన్ను వేస్తారు. కతాస్త్రో విలువలో 1.1 లేదా 2 శాతాన్ని ఆదాయంగా లెక్కగడతారు. దాని మీద యూరోపియన్ యూనియన్‌లో నివసించేవాళ్లకు 19 శాతం, బయటివాళ్లకు 24. విలువ 40,000 అనుకుంటే 1.1 శాతం చొప్పున ఊహా ఆదాయం 440 యూరోలు, మాకు పన్ను 84 దాకా, హైదరాబాద్‌లో ఉన్నవారికి 106 దాకా. మొత్తం చిన్నదే. కానీ ఎవరూ బిల్లు పంపరు, 210 నంబరు ఫారం మనమే వేసుకోవాలి. నాకు ఈ సంగతి రెండో ఏడాది తెలిసింది, జరిమానాతో.

ఇల్లు కొంటే వీసా వస్తుందా?

రాదు. 5,00,000 యూరోలు పెట్టి ఇల్లు కొన్నవాళ్లకు ఇచ్చే గోల్డెన్ వీసాను స్పెయిన్ 2025 ఏప్రిల్ 3న ఆపేసింది. ఇంటి యజమాని అయినా, ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి, 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. ఫ్రాన్స్ నివాస కార్డు మీద ఉన్న మాకూ స్పెయిన్‌లో అదే 90 రోజుల లెక్క.

విదేశీయుల మీద వంద శాతం పన్ను వేస్తారట, నిజమా?

యూరోపియన్ యూనియన్ బయట నివసించే కొనుగోలుదారులపై అలాంటి పన్ను పెడతామని 2025 జనవరిలో ప్రధాని పెద్రో సాంచెజ్ ప్రకటించారు. ప్రకటన వేరు, చట్టం వేరు. అయినా బయానా కట్టే ముందు రోజు లాయరును మళ్లీ అడగండి.

ఇండియా నుంచి డబ్బు ఎలా పంపాలి?

ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్లది కాదు, విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. భార్యాభర్తలిద్దరి పరిమితీ కలిపి వాడాలంటే ఇల్లు ఇద్దరి పేర్లమీదా ఉండాలి. ఈ పంపకానికి ఇండియాలో బ్యాంకు అప్పు ఇవ్వదు, సొంత డబ్బే కావాలి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను పట్టుకుంటారు. కోటి పంపితే 18 లక్షలు. రిటర్ను వేశాక సర్దుబాటో రీఫండో అవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదని ముందే లెక్కలో పెట్టుకోండి. తర్వాత ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో ఇల్లు చూపించి తీరాలి. మర్చిపోతే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు.

విదేశంలో ఉంటూ అక్కడి జీతంతో కొన్నవాళ్లకు ఈ పంపకం గొడవ లేదు. రేపు ఇండియాకు తిరిగొచ్చేసినా ఆ ఇల్లు ఉంచుకోవడానికి ఇండియా విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకుంటుంది.

స్పెయిన్ బ్యాంకులు అక్కడ నివాసం లేనివాళ్లకూ అప్పిస్తాయి, సాధారణంగా ధరలో అరవై, డెబ్బై శాతం దాకా. శిథిలావస్థలో ఉన్న పల్లె ఇంటికి మాత్రం మొహం తిప్పుకుంటాయి.

చలికాలంలో ఇల్లు మూసేస్తే ఏమవుతుంది?

మాకేమైందో చెప్తాను. మొదటి జనవరిలో మూడు వారాలు వెళ్లలేదు. ఒక రాత్రి మైనస్ తొమ్మిదికి పడిపోయి, వంటింటి గోడలో పైపు చిట్లింది. మంచు కరిగాక నీళ్లు గడప కింద నుంచి వీధిలోకి పారాయి. ఎదురింటి పెద్దావిడ చూసి, మేం తాళంచెవి ఇచ్చి ఉంచాం కాబట్టి లోపలికెళ్లి నీళ్ల మెయిన్ వాల్వు కట్టేసి, నాకు ఫోన్ చేసింది. నా స్పానిష్ అంతంతమాత్రం. ‘ఆగ్వా, ఆగ్వా’ (నీళ్లు, నీళ్లు) అన్నంతవరకు అర్థమైంది. వెళ్లేసరికి ఆవిడ మా బియ్యం సంచిని తడవకుండా బల్లమీద పెట్టి ఉంచింది.

ఇప్పుడు నవంబర్ నుంచి బయల్దేరే ప్రతిసారీ మెయిన్ కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి పైపులు ఖాళీ చేస్తాం. టాయిలెట్ గిన్నెలో నీళ్లు గడ్డకట్టకుండా కాస్త యాంటీఫ్రీజ్ పోస్తాం. ఇన్సూరెన్సు పత్రంలో, ఇల్లు వరసగా ఇన్ని రోజులు ఖాళీగా ఉంటే పరిహారం లేదన్న షరతు ఉందేమో చదవండి. మాది చదివింది పైపు పగిలాక.

కరెంటు, ఇంటర్నెట్?

స్పెయిన్‌లో ఎన్ని కిలోవాట్లకు ఒప్పందం చేసుకుంటే అంతే వాడాలి, దాటితే మీటరు టక్కున ఆపేస్తుంది. పాత ఇళ్లకు 3.45 కిలోవాట్లు ఉండటం మామూలు. గీజరు, ఇండక్షన్ పొయ్యి, రైస్ కుక్కరు కలిపి వేశామా, చీకటి. దానికి తోడు ఎలక్ట్రిక్ సైకిల్ ఛార్జింగు. పెంచుకోవచ్చు, కానీ పాత వైరింగ్ అయితే ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ అడుగుతారు. వేడికి కట్టెల పొయ్యే మేలు. ఇంటర్నెట్ మా ఊళ్లో ఫైబర్ ఉంది, పక్క ఊళ్లో లేదు. అంతే, ఊరిని బట్టి.

మనం లేనప్పుడు టూరిస్టులకు అద్దెకివ్వొచ్చా?

అరగాన్ ప్రభుత్వ నియమాల ప్రకారం నమోదు చేసుకుంటే ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాలంటే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్న నియమం 2025 జూలైలో అమల్లోకి వచ్చింది. మేం ఇవ్వట్లేదు. అరగంట కొండదారిలో వెళ్లి దుప్పట్లు మార్చేవాళ్లు దొరకడం కష్టం. ‘అద్దెలతో ఈఎంఐ కట్టేసుకుందాం’ అనే ప్లానుతో ఇక్కడికి రావద్దు.

కొండ మీద దెబ్బ తగిలితే?

112కి ఫోన్ చెయ్యాలి. స్పెయిన్ పోలీసు దళం గార్డియా సివిల్‌కు పర్వత రక్షణ దళం ఉంది, అవసరమైతే హెలికాప్టర్ వస్తుంది. ఐన్సాలో ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్దాసుపత్రి బార్బాస్త్రోలో, కారులో గంట. లోయల్లో సిగ్నల్ ఉండదు, ఒంటరిగా వెళ్లేవాళ్లు ఏ బాటన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు ట్రావెల్ ఇన్సూరెన్సులో మౌంటెన్ బైకింగ్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. చాలా పాలసీల్లో అది మినహాయింపుల జాబితాలో ఉంటుంది.

తిరిగి అమ్మడం తేలికేనా?

తేలిక కాదు. ఇలాంటి ఊళ్లలో కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అమ్మేవారు స్పెయిన్‌లో నివసించని వాళ్లైతే, కొనేవాడు ధరలో మూడు శాతం పట్టుకుని అక్కడి పన్నుల శాఖకు కడతాడు, తర్వాత లాభం మీద పన్ను లెక్కలో అది సర్దుకుంటారు. ఐదేళ్లలో అమ్మి లాభం చూద్దామనుకునేవాళ్లు శంషాబాద్‌లో ప్లాటు చూసుకోవడం నయం.

బయటివాళ్లను ఊరివాళ్లు ఎలా చూస్తారు?

ఈ సీమ కథ తెలిస్తే వాళ్లు అర్థమవుతారు. ఐన్సాకు దిగువన మెదియానో జలాశయం ఉంది. 1969లో ఊరు మునిగింది, చర్చి గోపురం ఇప్పటికీ నీళ్లలోంచి పైకి కనిపిస్తుంది. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడటం చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్త కాదు. ఎగువన ఆరా నది ఒడ్డున హానొవాస్ అనే ఊరుంది. ఆనకట్ట కడతామని జనాన్ని వెళ్లగొట్టారు, చివరి కుటుంబం 1984లో ఊరొదిలింది. ఆనకట్ట కట్టనేలేదు. ఇప్పుడు ఆ కుటుంబాలవాళ్లు తిరిగొచ్చి ఇళ్లు ఒక్కొక్కటిగా లేపుకుంటున్నారు. ఆ పక్క దారిలో తొక్కేటప్పుడు కొత్త సున్నం వాసన వస్తుంది.

అలాంటి చోట సెలవులకు మాత్రమే తెరిచే ఇల్లు అంటే ఊరికి ఇంకో చీకటి కిటికీ. మాతో ఎవరూ ఆ మాట అనలేదు, కానీ మొదటి ఏడాది పలకరింపులు పొడిపొడిగానే ఉండేవి. వసంతంలో బాటల మీద పొదలు కొట్టే రోజున ఓ కత్తి పట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాక తీరు మారింది. పైపు పగిలినప్పటి పెద్దావిడ ఇప్పుడు మేం వస్తున్నామని తెలిస్తే మా పొయ్యి ముందే రాజేసి ఉంచుతుంది. పోయినసారి ఆవిడకు ఆవకాయ ఇచ్చాం. రొట్టె మీద రాసుకుని తిని, ఓ గ్లాసు నీళ్లు తాగి, సీసా మాత్రం వెనక్కి ఇవ్వలేదు.